మా మగ్గం మోగని ఆదివారం

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు మీదుగా పోయేటప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు గబగబా అద్దాలు మూసేస్తారు, బెంగుళూరు నుంచి వచ్చిన చుట్టాలైతే ఈ ఊర్లో ఎట్ల ఉంటారమ్మా అని నావైపు జాలిగా చూస్తారు. నేను మాత్రం ఊపిరి గట్టిగా లోపలికి పీలుస్తాను. గోతాల్లో కుక్కిన గూళ్లు, వాటిలోపల ముడుచుకున్న పురుగులు, ఎండుచేపల అంగడి పక్కన తడిగోనె ఆరేసినట్టుండే ఆ వాసన తగిలితే నాకు ఎక్కడలేని నిమ్మళం వస్తుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తొంభైల చివర్లో ఒక ఎండాకాలం ఆదివారం, ఇదే వాసన మధ్యన, మా ఇంటిల్లిపాదికీ పదిహేను రోజులుగా గొంతులో అడ్డంపడి ఉన్న ఒక ప్రశ్న తేలిపోయింది. మా వనజక్క క్రికెట్ ఆడటానికి పోతుందా, పోదా అన్నదే ఆ ప్రశ్న.

వనజక్క తర్వాత దేశం తరఫున ఆడింది. ఇప్పుడు స్కూళ్లవాళ్లు పిలిచి, శాలువా కప్పి, మాజీ అంతర్జాతీయ క్రీడాకారిణి అని మైకులో పరిచయం చేస్తుంటారు. అప్పటికి మాత్రం ఆమె ధర్మవరంలో నాయనకు అంచు నాడె విసిరే పదిహేనేళ్ల పిల్ల, అంతే. మాది మగ్గాల వీధి. తెల్లారకముందే ఒక ఇంట్లో మొదలైన టకటక ఇంకో ఇంటికి అంటుకొని, సంగటి గిన్నెలు పొయ్యి దిగేసరికి వీధి వీధంతా మోగుతుండేది. గుంటలో కాళ్లు దింపి నాయన కూర్చుంటే, కుడిపక్క చెక్కపీట మీద అక్క. చీర ఒక రంగు, అంచు ఇంకో రంగు అయినప్పుడు మధ్యన నాయన నాడె విసురుతాడు, అంచుకు పక్కనున్న మనిషి చిన్న నాడె విసరాలి. ఆ రెండో చెయ్యి లేకపోతే చీర జానెడు కూడా ముందుకు పోదు. అమ్మ నాడెల్లో పెట్టే దారం కండెలు చుట్టేది, నాయన తల్లి, మా అవ్వ, వాకిట్లో కూర్చొని ఇంటినీ వీధినీ ఒకేసారి ఏలేది, నేను బళ్లో లేనప్పుడల్లా ఎవరి కాళ్లకిందనో పడి తిట్లు తింటూ ఉండేదాన్ని.

నెలకు ఒక్కరోజు ఈ మోత ఆగేది. అమావాస్య నాడు మగ్గం ముట్టకూడదు. పొద్దున్నే నాయన మగ్గాన్ని దులిపి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొడితే, ఇక ఆ రోజంతా ఆడామగా పిల్లాజెల్లా అందరికీ ఆటవిడుపే. ఉన్నట్టుండి వీధి అంత నిశ్శబ్దంగా అయిపోతే చెవుల్లో గుయ్యిమని మోగేది. అమ్మ ఓపిక చేసుకుంటే ఓళిగలు, చేసుకోకపోతే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, మధ్యాహ్నానికి నెయ్యి వాసన లేని ఇల్లుండేది కాదు. లోకమంతా ఆదివారం క్రికెట్ ఆడుకుంటే మా మగ్గాల పిల్లలకు మ్యాచులు అమావాస్యకే. ఎండాకాలం చెరువు ఎండి పర్రెలు తీసిన బయలు మాకు గ్రౌండు. బంతి కొనేది ఎక్కడిది, సైకిలు ట్యూబు ముక్క మీద పనికిరాని పట్టుదారం పోగులు బిగించి బిగించి చుట్టి అవ్వే కట్టిచ్చేది, బంతాట అంటే ఆమెకు గిట్టకపోయినా. తగిలితే నొప్పి పుట్టేది కాదు కానీ ఆ రంగుల బంతి ఎండలో తళతళ మెరుస్తూ ఎటు తిరుగుతుందో విసిరినవాళ్లకే తెలిసేది కాదు. అక్కకు మాత్రం తెలిసేది. లంగా దోపుకొని నాలుగడుగులు నడిచొచ్చినట్టే వచ్చి చెయ్యి తిప్పేది, బంతి నేలకు తాకి పక్కింటి మనిషి పలకరిస్తే ఆగినట్టు ఒక్క క్షణం ఆగి, అవతలికి తిరిగేది. మీసాలు మొలుస్తున్న మొగపిల్లలు బ్యాటు గాల్లో తిప్పి, బయలు బాగలేదప్పా అని నేలను తిట్టేవాళ్లు.

మగ్గం పనే ఆమె మణికట్టుకు ఆ తిప్పుడు నేర్పిందని తర్వాత్తర్వాత పేపరువాళ్లు రాశారు. అక్క అది చదివి పడీపడీ నవ్వింది. "మగ్గం నాకు నేర్పింది నడుమునొప్పి ఒకటే" అనేది.

అట్లాంటి ఒక అమావాస్యనాడే రూతమ్మ టీచరు మా వీధికొచ్చింది. పెనుకొండలో ఆడపిల్లలకు డ్రిల్లు చెప్పే టీచరు, చెల్లెలి పెండ్లికి తెల్లపట్టు చీర, సన్న జరీ అంచుతో నేయించుకోవాలని రైలెక్కి వచ్చింది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, అమావాస్య పట్టింపు వాళ్లకెక్కడిది. వస్తే ఒక్క మగ్గం మోగడం లేదు, మొగోళ్లెవరూ ఇండ్లల్లో లేరు. నాయన చెరువు గట్టున కూర్చున్నాడని ఎవరో చెబితే ఎండలో నడుచుకుంటూ అక్కడికొచ్చి, చీర మాట మరిచిపోయి అక్క బంతులు చూస్తూ నిలబడిపోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో కాఫీ తాగుతూ చీర గురించి రెండు ముక్కలు, అక్క గురించి గంటసేపు మాట్లాడింది. హిందూపురంలో జిల్లా ఆడపిల్లల జట్టుకు ఎంపిక జరుగుతుందని, తన పిల్లలతోపాటు అక్కను తీసుకపోతానని అడిగింది.

నాయన అవ్వ వైపు చూశాడు. మా నాయన పేరు నారాయణప్ప, మెత్తని మనిషి, అవ్వ మాటకు ఆయన ఎదురుచెప్పగా నేనెప్పుడూ చూడలేదు. అవ్వ నములుతున్న తాంబూలాన్ని ఒక బుగ్గకు జరిపింది.

"మగ్గానికి సెలవున్న దినమైతే తీసుకపో తల్లీ, నాకేం అడ్డం లేదు. మగ్గం దినం మాత్రం ఈ పిల్ల పీట మీదనుంచి కదిలేదానికి లేదు. కదిలిందా, ఈ ఇంట్లో నేను అన్నం ముట్టను" అంది.

అవ్వ అన్నం ముట్టనంటే ముట్టదు. మా చిన్నాయన పెండ్లప్పుడు ఒకసారి ముట్టక, ఊరంతా వచ్చి బతిమాలాల్సి వచ్చిందట. పైగా అప్పుడు మగ్గం మీద ఉన్నది పెండ్లిచీర, కుంకుమరంగుకు పచ్చంచు. ముహూర్తానికి ముందే బెంగుళూరు చేరాలి. అయినా అక్క ఆ మాటకే పొంగిపోయింది. వచ్చే అమావాస్య ఎప్పుడో, ఎంపిక కూడా అప్పుడే పడాలని మా మగ్గాలోళ్ల దేవత చౌడమ్మ తల్లికి మొక్కుకుంది. ఉగాది అయిపోయి, వాకిట్లో మామిడాకులు ఎండి గలగలలాడుతున్న రోజులవి. పెనుకొండ నుంచి మా వీధికొచ్చిన ఒక కండెల బేరగాడితో టీచరు కబురు పంపింది, ఎంపిక ఫలానా ఆదివారం అని.

అవ్వ వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టింది. "అమావాస్య శనివారం" అని తేల్చేసింది.

అక్క ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పీట మీద కూర్చొని నాడె విసురుతూ, అన్నానికి పిలిస్తే లేచి, తిని, మళ్లీ కూర్చొని, ఇంట్లో మనిషి ఉన్నట్టే తెలియకుండా పోయింది. రాత్రి నా పక్కన పడుకొని, "ఒక్క దినం తేడా అమ్మీ" అంది. పదేళ్ల దాన్ని, నేనేం చెప్తాను. అమావాస్యను ఒక రోజు జరపమని ఎవర్నడగాలో కూడా నాకు తెలియదు.

అమావాస్య ముందరి శుక్రవారం నాయన పట్టు తెచ్చేదానికి హిందూపురం పోయాడు. సాయంత్రం రైలు దిగి వచ్చి, చేతిసంచి గోడకు తగిలించి, కాళ్లు కడుక్కుంటూ ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

"మా, హిందూపురంలో అందరూ ఆదివారమే అమావాస్య అంటాండారు. కన్నడపోళ్ల పంచాంగం అంట. షావుకార్లంతా ఆ దినమే అంగళ్లు మూస్తారంట."

అవ్వ నములుడు ఆపింది. "నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా రా?"

"తప్పిందని కాదు మా. పట్టు వచ్చేది ఆడినుంచి కదా. ఆళ్లు మూసిన దినం మనం మగ్గం ఆడిస్తే, ఏమో మరి."

ఏమో మరి అన్న ముక్కే అవ్వను పట్టింది. మా నాయన మడకశిరలో కుర్రతనంలో కొన్నేండ్లు మగ్గం నేర్చుకున్నవాడు, కన్నడ బాగా వచ్చు, ఆ పక్క సంగతులు ఆయనకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు. అమావాస్య నాడు మగ్గం ముట్టడమంటే మాటలా. అవ్వ ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి మగ్గం వైపు చూసి, చివరికి రెండు దినాలూ మూసెయ్యమంది. అక్క చేతిలో నాడె అట్లే ఉండిపోయింది. నిజమా కాదా అని ఒక్కసారి కూడా అడగలేదు, అడిగితే ఆ మాట ఎక్కడ కరిగిపోతుందోనని.

శనివారం వీధంతా నిశ్శబ్దం. ఆదివారం తెల్లవారుజామున నేనూ అక్కా స్టేషనుకు నడుస్తుంటే ప్రతి ఇంట్లోనూ టకటక, మా ఇంట్లో తప్ప. ఆడపిల్లను ఒంటరిగా పంపకూడదని అవ్వ నన్ను తోడు పంపింది. అరుగుల మీద పండ్లు తోముకుంటున్నవాళ్లు మమ్మల్ని చూసి, ఏం పాపా మీ ఇంట్లో ఇంగా అమావాస్య అయిపోలేదా అని అడుగుతుంటే అక్క తల దించుకొని నడిచింది, నేను మాత్రం మాది కన్నడ అమావాస్య అని గొప్పగా చెప్పుకుంటూ పోయాను. ప్యాసింజరు రైలు, చెక్క బల్లలు, కిటికీలోంచి కంట్లో పడే నలుసులు, కాగితంలో కట్టిన చిత్రాన్నం. పెనుకొండలో కొండా కోటగోడలూ కనబడేసరికి రూతమ్మ టీచరు పిల్లల గుంపుతో ఎక్కింది. ఎవరిదో తెల్ల ప్యాంటు ఒకటి అక్కకిచ్చింది. నడుముకు నిలబడకపోతే సంచిలోంచి పాత పట్టు అంచు పట్టీ ఒకటి తీసి బిగించి కట్టింది, మేము చూసి నవ్వుతుంటే ఆమే ముందు నవ్వింది.

హిందూపురంలో దిగి గూళ్ల మార్కెట్టు పక్క సందులోంచి గ్రౌండుకు నడిచాం. అప్పుడే మొదటిసారి ఆ వాసన. నేను ముక్కు మూసుకున్నాను. అక్క మటుకు, "బాగుండాదే, మన ఇంట్లో పట్టు వాసనకు ఇది అవ్వ" అంది. గ్రౌండులో గులాబీ టోపీల పిల్లలు, బూట్ల పిల్లలు, ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు. ఎంపిక చేసే పెద్దమనిషి కుర్చీలో కూర్చొని గొడుగు కింద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. అక్క అంతవరకు తోలు బంతి చేత్తో పట్టి ఎరగదు. మొదటి బంతి చేయి దాటి ఎటో పోయింది, రెండోది వికెట్ల మీదుగా ఎగిరింది. మా పట్టుబంతికీ దానికీ పొంతనెక్కడ, అది ఇటుకరాయి మాదిరి బరువు. పెద్దమనిషి శనక్కాయల్లోకి తల దించుకున్నాడు.  టీచరు దగ్గరికి పోయి, "చెరువులో ఎట్లేస్తావో అట్లే వెయ్ పాపా" అంది. ఆ తర్వాత బంతి నేలకు తాకి ఆగింది. ఆగి, తిరిగింది. బ్యాటు పట్టుకున్న అమ్మాయి వెనక్కి తిరిగి వికెట్లను చూసుకుంది. పెద్దమనిషి ఇంకోటి వెయ్యమన్నాడు, ఇంకోటి, ఇంకోటి, శనక్కాయల పొట్లం కుర్చీ కింద పడిపోయినా చూసుకోలేదు. సాయంత్రం పేర్లు చదివినప్పుడు అక్క పేరు విని నేను కూలబడి ఏడ్చాను, ఎందుకేడుస్తున్నావు పిచ్చిదానా అని అక్క నన్ను లేపి ముక్కు తుడిచింది.

ఎంపిక కావడం అంటే మళ్లీ మళ్లీ పోవడం అని అవ్వకు ఆలస్యంగా అర్థమైంది. అప్పటికే వీధిలో వాళ్లొచ్చి మీ మనవరాలు అంట కదా అని పొగడటం, ఆమె తాంబూలం పళ్లెం ముందు పెట్టుకొని ఆ పొగడ్త వినడం మొదలైపోయింది. అంచు పీట మీదికి అమ్మ మారింది, అమ్మ కండెలు అవ్వ చేతికొచ్చాయి. గొణుక్కుంటూనే చుట్టింది. పెండ్లిచీర కూడా ముహూర్తానికి ముందే చేరింది. ఇక నాయన సంగతి. ఆదివారం నాడు మగ్గం మూసిన ఒకే ఒక్క మొగోడని వీధి ఆయనను వదిలిపెట్టలేదు. రెండమావాస్యల నారాయణప్ప అని పేరు పెట్టేశారు. టీకొట్టు దగ్గర, ముడిపట్టు అంగడి దగ్గర, చివరికి మా మేనమామ పెండ్లి పందిట్లో కూడా, ఏమప్పా నారాయణప్పా ఈ నెల ఎన్ని అమావాస్యలు అని అడిగేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అవ్వ అయితే, హిందూపురపోళ్ల మాట విని తన లెక్కను కాదన్నాడని ఏండ్ల తరబడి దెప్పింది.

అక్క జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడినుంచి రెండువేల తొలి ఏండ్లల్లో దేశం జట్టుకు పోయింది. ఆడోళ్ల మ్యాచులు టీవీలో వచ్చే కాలం కాదు. బస్టాండు పక్క ఎస్టీడీ బూతులో అమ్మా నేనూ ఫోను మోగేదాకా కూర్చునేవాళ్లం, గీతలు గీతలుగా వచ్చే ఆమె గొంతు విని, గెలిచామో ఓడామో అడగడం మరిచి అన్నం తిన్నావా అని అడిగేవాళ్లం. చలి దేశాలకు పోయినప్పుడు ఊరిబిండి పచ్చడి, బొరుగులు మూటగట్టుకొని పోయేది. పేపర్లో ఒకసారి చేటంత ఫోటో వేసి, ఊరి పేరు ధర్మపురి అని రాశారు. అవ్వ ఆ పేపరువాళ్లను వీధిలో నిలబడి కడుపునిండా తిట్టింది. విలేకరులు ఎట్లొచ్చావమ్మా క్రికెట్‌లోకి అని అడిగితే అక్క ప్రతిచోటా ఒకే జవాబు చెప్పేది. మా నాయన అమావాస్య లెక్క తప్పి మగ్గం మూసినాడు, నేను జారుకున్నా. అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నవ్వకుండా, "నాయన ఒక్కసారి, పో పాపా అని నోటితో చెప్పింటే ఎంత బాగుండు అమ్మీ" అనేది. ఆమెకు ఎన్ని కప్పులొచ్చినా, ఇదంతా ఎవరో ఇచ్చింది కాదు, పొరపాటున తలుపు తెరిచి ఉంటే దూరింది అనే దిగులు పోలేదు.

నాలుగైదేండ్లకు బౌండరీ దగ్గర పడి భుజం జారింది. బెంగుళూరులో ఆపరేషను, కట్టు, నెలల కసరత్తు, మళ్లీ చెయ్యి తిప్పితే బంతి ఆగేది కానీ తిరిగేది కాదు. జట్టులోంచి తీసేశారు. మేము ఆమె ఏడుస్తుందనుకున్నాం. రైలు దిగి, పెద్ద సంచి నా మీద పడేసి, "అబ్బ, ఇంక రేపు లేచి పరుగెత్తే పనిలేదు" అని అరుగు మీద వెల్లకిలా పడుకుంది. నిజం చెప్పాలంటే మాకందరికీ ప్రాణం కుదుటపడింది. కాలూ చెయ్యీ విరగకుండా, రైల్వేలో ఒక ఉద్యోగంతో పిల్ల ఇల్లు చేరింది, ఇంకేం కావాలి. అవ్వ ఒక్కతే, "మగ్గం దినం మగ్గం మూస్తే చౌడమ్మ ఊరుకుంటాదా, భుజం తీసుకునింది" అంది. అక్క ఆపరేషను అయిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని మగ్గం వైపు చూస్తూ కూర్చుంది.

అవ్వ పోయి చాలా ఏండ్లయింది. ఇప్పుడు మా వీధిలో గుంట మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా గుంటను పూడ్చి పైన గచ్చు వేశారు, అక్కడిప్పుడు, ఆ రోజుల్లో చంకలో పిల్లోడైన మా తమ్ముడి మోటారుసైకిలు ఉంటుంది. ఎదురింట్లో కరెంటు మగ్గాలు, వాటికి అమావాస్యా లేదు పౌర్ణమీ లేదు, పండక్కి కూడా దడదడమంటూనే ఉంటాయి. నెలకొకసారి వీధంతా ఊపిరి బిగబట్టినట్టుండే ఆ నిశ్శబ్దం ఎట్లుండేదో ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు. చెరువు బయల్లో ఆడేవాళ్లూ లేరు.

మొన్న ఎండాకాలం అక్కా నేనూ ఇద్దరం ఒకేసారి ఇంటికి పోయాం. మధ్యాహ్నం అరుగు మీద నాయన పక్కన కూర్చొని శనక్కాయలు ఒలుస్తున్నాం. ఎదురింటి మోతలో ఒకరి మాట ఒకరికి వినబడక గట్టిగా మాట్లాడుతున్నాం. నేను ఊరికే, ఆటపట్టించాలని అడిగాను.

"నాయనా, ఆ పొద్దు హిందూపురంలో నీకు ఆదివారం అమావాస్య అని చెప్పింది ఎవురు? ఉంటే ఆయప్పకు అక్క పేరు చెప్పి ఓళిగలు పంపాల."

నాయన కాయ ఒలవడం ఆపలేదు. "ఎవురూ చెప్పలా" అన్నాడు.

"మల్ల?"

"నేను పట్టు తూకం వేయించుకొని రైలెక్కి వచ్చినా, అంతే. శనివారమే అమావాస్య. మీ అవ్వ లెక్క ఎప్పుడన్నా తప్పిందా?"

అక్క చేతిలో కాయ అట్లే ఉండిపోయింది. నాయన మాకు వినిపించాలని గొంతు కొంచెం పెంచాడు.

"పో అంటే మీ అవ్వ అన్నం మానేస్తాది. పోవద్దంటే ఈ పిల్ల మానేస్తాది, నోటితో చెప్పకపోయినా. నేనేం చేసేది? మగ్గం మూస్తే ఎవురూ ఏమనేదానికి లేదు. ఎర్రోడంటారు. అననీ."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగింది అక్క.

"అవ్వ ఉండె కదా."

"అవ్వ పోయినాక?"

"మీరెవురూ అడగలేదు కదమ్మీ" అన్నాడు నాయన.

వీధి వీధంతా నవ్వుతుంటే నవ్వు ముఖంతో మోసి, తల్లి దెప్పితే తలవంచుకొని మోసి, ఆ పేరును ముసలితనందాకా తెచ్చుకున్న మనిషి, గట్టి కాయలు ఒకపక్కకీ తాలుకాయలు ఒకపక్కకీ వేరుచేస్తూ కూర్చున్నాడు. అక్క లేచి లోపలికి పోయింది. చెంబు నీళ్ల చప్పుడు వినబడింది. ముఖం కడుక్కొని వచ్చి ఆయనకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది, ఆపరేషను అయిన భుజం ఆయన భుజానికి ఆనించి. ఇన్నేండ్లలో ఆమె ముఖం అంత తేలిగ్గా నేను చూడలేదు. నాకైతే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రోజు సాయంత్రందాకా అక్కడే కూర్చొని బుట్టెడు శనక్కాయలు ఒలిచాం.

తర్వాత కొన్నాళ్లకు పెనుకొండలో ఒక బళ్లో అక్కను పిలిచారు. నేను కూడా పోయాను. ఆడపిల్లలంతా నేల మీద బాసింపట్లు వేసుకొని కూర్చున్నారు. రెండు జడల పిల్ల ఒకతి లేచి, మేడం మీరు క్రికెట్‌లోకి ఎట్ల వచ్చినారు అని అడిగింది. ఆ ప్రశ్న రాగానే నేను అలవాటుగా నవ్వడానికి సిద్ధమయ్యాను.

అక్క మైకు దగ్గరికి తీసుకుంది.

"మా నాయన పంపించినాడు" అంది.